బరువు పనిలో ట్రాక్టరు ఇంజను వదిలే పొగ: లోప నిర్ధారణలో పాటించవలసిన క్రమం

ఉపోద్ఘాతం

కాలువలకు నీరు వదిలిన తరువాత వరి మాగాణుల్లో దమ్ముకు దొరికే రోజులు కొద్దిగానే ఉంటాయి. ఏడాది మొత్తంలో ట్రాక్టరుపై అత్యధిక భారం పడేది కూడా ఆ కొద్ది రోజుల్లోనే. ఖాళీగా నడిచినప్పుడు ఏ లోపమూ కనబడని ఇంజను, రోటవేటరును బురదలోకి దించగానే లేదా నిండు ట్రక్కుతో గట్టు ఎక్కుతూ యాక్సిలరేటరు పెంచగానే దట్టమైన పొగ వదలడం రైతులకు తెలిసిన అనుభవమే. అటువంటప్పుడు గ్రామంలో వినబడే మొదటి మాట 'పంపు పోయింది' అన్నది. వెంటనే ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపును విప్పి పట్టణంలోని కాలిబ్రేషన్ కేంద్రానికి పంపుతారు. పంపు తిరిగి వచ్చేలోగా దమ్ము రోజులు గడచిపోతాయి, నారు ముదురుతుంది. పంపు బిగించిన తరువాత కూడా పొగ తగ్గకపోతే, అప్పుడు ఎయిర్ క్లీనరు విప్పి చూస్తారు.

దీనికి భిన్నమైన పొరపాటు కూడా ఉంది. నీలి రంగు పొగను 'పాత బండికి మామూలే' అని వదిలివేస్తే, రింగులతో సరిపోయే ఖర్చు లైనర్లు, పిస్టన్లు మార్చేంత వరకు పెరుగుతుంది. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. పొగ రంగును చూసి నేరుగా ఒక భాగం పేరు చెప్పడం లోప నిర్ధారణ కాదు. పొగ రంగు, అది కనబడే సందర్భం, దానితోపాటు కనబడే ఇతర లక్షణాలు అనే మూడింటినీ కలిపి చూసి, ఖర్చు లేని పరిశీలనలతో మొదలుపెట్టి క్రమంగా లోపలి భాగాలకు వెళ్లడమే సరైన పద్ధతి. ఆ క్రమాన్ని, దాని వెనుకనున్న శాస్త్రీయ కారణాలను విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

డీజిల్ దహనంలో గాలి పాత్ర

డీజిల్ ఇంజనులో గాలి మాత్రమే సిలిండరులోకి ప్రవేశిస్తుంది. పిస్టన్ ఆ గాలిని అదిమినప్పుడు పుట్టే వేడికి, ఇంజెక్టరు నుండి సన్నని తుంపరగా వచ్చిన డీజిల్ తనంతట తాను మండుతుంది. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సిద్ధాంతరీత్యా సుమారు 14.5 కిలోల గాలి అవసరం. లీటరు డీజిల్ బరువు సుమారు 0.83 కిలోలు కనుక, లీటరుకు దాదాపు 12 కిలోల గాలి, అంటే సుమారు 10 ఘన మీటర్ల గాలి కావాలి. అయితే తుంపరలోని ప్రతి బిందువుకూ సమానంగా గాలి అందదు. అందువల్ల పొగ లేకుండా పూర్తి భారాన్ని లాగాలంటే గాలి ఇంకా ఎక్కువగా ఉండాలి. ఈ నిష్పత్తి సుమారు 18 కంటే తగ్గినప్పుడు పొగ స్పష్టంగా కనబడడం మొదలవుతుంది. ఖాళీగా తిరిగే ఇంజనులో డీజిల్ అతి తక్కువగా అందుతుంది కనుక గాలి పుష్కలంగా మిగులుతుంది. లోపమున్న ఇంజను సైతం ఖాళీగా నడిచినప్పుడు శుభ్రంగా కనబడడానికి ఇదే కారణం.

ఒక చిన్న లెక్క ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. 2,500 ఘన సెంటీమీటర్ల సామర్థ్యం, టర్బో లేని నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. అది రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది కనుక నిమిషానికి 2.5 ఘన మీటర్లు, గంటకు 150 ఘన మీటర్ల గాలి పీల్చాలి. వాస్తవంలో సిలిండర్లు పూర్తిగా నిండవు. 83 శాతం నిండుతాయనుకుంటే గంటకు సుమారు 125 ఘన మీటర్లు లభిస్తుంది. వెచ్చని వాతావరణంలో ఘన మీటరు గాలి బరువు 1.15 కిలోలుగా తీసుకుంటే, గంటకు అందే గాలి 144 కిలోలు. పూర్తి భారంలో గంటకు 7.2 కిలోల డీజిల్ అందితే నిష్పత్తి 20 అవుతుంది, దహనం శుభ్రంగా ఉంటుంది. ఎయిర్ క్లీనరు మూసుకుపోయి గాలి 15 శాతం తగ్గితే అందేది 122 కిలోలు మాత్రమే. అప్పుడు నిష్పత్తి 17కు పడిపోతుంది. డీజిల్ పంపులో ఏ మార్పూ లేకుండానే ఇంజను నల్ల పొగ వదులుతుంది.

వేసవి ఎండ కూడా ఇదే దిశలో పనిచేస్తుంది. గాలి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ నుండి 40 డిగ్రీలకు పెరిగితే దాని సాంద్రత సుమారు 6 శాతం తగ్గుతుంది. శీతాకాలంలో పొగ లేకుండా నడిచిన ఇంజను మే నెలలో అదే పనికి కొద్దిగా పొగ చూపడానికి ఇది ఒక కారణం.

ఇక గవర్నరు పాత్రను గుర్తించాలి. భారం పెరిగి ఇంజను వేగం తగ్గగానే గవర్నరు డీజిల్ పరిమాణాన్ని పెంచుతుంది. ఈ పెంపు, తయారీదారు నిర్ణయించి సీలు వేసిన గరిష్ఠ పరిమితి వద్ద ఆగుతుంది. గవర్నరుకు తెలిసేది వేగం మాత్రమే, గాలి ఎంత అందుతున్నదో దానికి తెలియదు. కాబట్టి గాలి తగ్గిన ఇంజనుకు కూడా అది పూర్తి మోతాదు డీజిల్‌నే అందిస్తుంది. బరువు పనిలో కనబడే నల్ల పొగకు మూల సూత్రం ఇదే.

పొగను గమనించే విధానం

ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూసిన పొగ ఆధారంగా నిర్ణయానికి రాకూడదు. కనీసం పదిహేను నిమిషాలు నడిపి, ఉష్ణోగ్రత సూచిక మామూలు స్థాయికి చేరిన తరువాతే పరిశీలన మొదలుపెట్టాలి. సూర్యుడు వెనుక ఉండేలా నిలబడి, ఆకాశాన్ని గాని లేత రంగు గోడను గాని నేపథ్యంగా ఉంచుకొని చూస్తే నలుపు, నీలం, తెలుపు రంగులు వేరుగా తెలుస్తాయి. సాయం సంధ్యలో నీలి పొగను తెల్ల పొగగా భ్రమించే అవకాశం ఎక్కువ.

పొగను నాలుగు సందర్భాలలో విడివిడిగా నమోదు చేయాలి. మొదటిది, ఉదయం చల్లని ఇంజను స్టార్టు చేసినప్పుడు. రెండవది, వేడెక్కిన ఇంజను ఐదు నిమిషాలు నెమ్మదిగా తిరిగిన తరువాత. మూడవది, గేరు న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటరును ఒక్కసారిగా పూర్తిగా పెంచినప్పుడు. నాల్గవది, పొలంలో పూర్తి భారంతో నిలకడగా పనిచేస్తున్నప్పుడు. మూడవ సందర్భం రోడ్డు వాహనాల కాలుష్య పరీక్షలో ఉపయోగించే పద్ధతిని పోలినదే. ఆ పరీక్షలో డీజిల్ వాహనం యాక్సిలరేటరును ఒక్కసారిగా పెంచి, పొగ సాంద్రతను మీటరుతో కొలుస్తారు.

యాక్సిలరేటరు ఒక్కసారిగా పెంచినప్పుడు క్షణకాలం నల్లని పొగ తుంప రావడం యాంత్రిక పంపు గల ఇంజన్లలో సహజమే. వేగం నిలకడకు రాగానే అది ఆగిపోవాలి. నిలకడ వేగంలో కూడా పొగ కొనసాగితేనే లోపంగా పరిగణించాలి. ఈ తేడా గుర్తించకపోవడం వల్ల బాగున్న ఇంజనును కూడా విప్పే సందర్భాలు ఉంటాయి.

నల్ల పొగ

నల్ల పొగ అంటే పూర్తిగా మండని డీజిల్ నుండి ఏర్పడిన మసి. ఇందుకు గాలి తక్కువ కావడం, డీజిల్ ఎక్కువ కావడం, తుంపర సరిగా లేకపోవడం లేదా డీజిల్ ఆలస్యంగా అందడం కారణం కావచ్చు. వీటిని కింది క్రమంలో పరిశీలించాలి.

1. భారం: ముందుగా ఇంజనును కాక పనిని చూడాలి. ట్రాక్టరు శక్తికి మించిన వెడల్పు గల రోటవేటరు, అవసరానికి మించిన లోతు, తగని పై గేరు వంటి వాటి వల్ల ఇంజను వేగం పడిపోతుంది. గవర్నరు గరిష్ఠ మోతాదులో డీజిల్ ఇస్తుంది, కాని తక్కువ వేగంలో మసి ఎక్కువగా తయారవుతుంది. ఒక గేరు తగ్గించి లేదా లోతు కొద్దిగా తగ్గించి చూసినప్పుడు పొగ పోతే ఇంజనులో లోపం లేదని భావించవచ్చు. బ్రేకులు పట్టి ఉండడం, ట్రక్కు టైర్లలో గాలి తక్కువగా ఉండడం కూడా అదనపు భారమే.

2. గాలి మార్గం: ప్రీ క్లీనరు గిన్నెలోని చెత్త, జాలికి పట్టిన ఊక, ఎయిర్ క్లీనరు స్థితి చూడాలి. ఆయిల్ బాత్ రకంలో నూనె నల్లబడి చిక్కబడిందా, గిన్నె అడుగున బురద పేరుకున్నదా అని గమనించాలి. పొడి రకంలో సూచిక ఎర్రగా మారిందేమో చూడాలి. బయటి ఫిల్టరును తక్కువ ఒత్తిడి గాలితో లోపలి నుండి బయటకు ఊదాలి. నేలకేసి కొట్టి దులపడం వల్ల కాగితపు మడతలు చిరిగి, దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. లోపలి రక్షక ఫిల్టరును శుభ్రపరచకూడదు, నిర్ణీత గడువుకు మార్చాలి.

3. పొగ బయటకు పోయే మార్గం: సైలెన్సరులో మసి పేరుకున్నా, పైపు నొక్కుకుపోయినా కాలిన వాయువులు సిలిండరులో మిగిలిపోయి తాజా గాలికి చోటు తగ్గుతుంది.

4. వాల్వు క్లియరెన్సు: ఫీలర్ గేజితో కొలిచి, తయారీదారు పుస్తకంలోని కొలతకు సరిచేయాలి. వాల్వులు సరిగా తెరచుకోకపోతే గాలి తగ్గుతుంది, సరిగా మూసుకోకపోతే కంప్రెషన్ తగ్గుతుంది.

5. ఇంజెక్టర్లు: నాజిల్ తెరచుకునే ఒత్తిడి తగ్గినా, మొనపై కార్బన్ పేరుకున్నా, బొట్లుగా కారినా తుంపర ముతకగా మారి నల్ల పొగ వస్తుంది. యాంత్రిక పంపు గల ఇంజనులో ఏ సిలిండరులో లోపం ఉన్నదో తెలుసుకోవడానికి, నెమ్మది వేగంలో ఒక్కొక్క ఇంజెక్టరు పైపు నట్టును కొద్దిగా వదులు చేసి చూడాలి. బాగున్న సిలిండరు నట్టు వదులు చేస్తే ఇంజను తడబడుతుంది. నట్టు వదులు చేసినప్పుడు పొగ తగ్గితే ఆ ఇంజెక్టరును అనుమానించాలి. దానిని విప్పి నాజిల్ పరీక్షా యంత్రంపై ఒత్తిడి, తుంపర ఆకారం, కారడం చూడాలి.

6. ఇంజెక్షన్ సమయం, పంపు: పై అయిదు అంశాలు సరిగా ఉన్నాయని తేలిన తరువాతే ఇంజెక్షన్ సమయాన్ని, చివరగా పంపును పరిశీలించాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడాను గుర్తుంచుకోవాలి. గాలి తగ్గడం వల్ల నల్ల పొగ వస్తే ఇంజను శక్తి కూడా తగ్గుతుంది. పంపు సీలు తీసి డీజిల్ మోతాదు పెంచిన ఇంజనులో నల్ల పొగతోపాటు లాగుడు మామూలుగా గాని ఇంకా ఎక్కువగా గాని ఉంటుంది, డీజిల్ ఖర్చు స్పష్టంగా పెరుగుతుంది. 'పంపు పెంచితే బండి బాగా లాగుతుంది' అన్న మాట కొంత వరకు నిజమే కావడం వల్లనే అది ప్రమాదకరం. పెరిగిన డీజిల్‌లో కొంత భాగమే శక్తిగా మారుతుంది. మిగిలినది మసిగాను, వేడిగాను పోతుంది. పొగ గొట్టంలో ఉష్ణోగ్రత పెరిగి వాల్వులు, పిస్టన్ తలలు దెబ్బతింటాయి. మండని డీజిల్ సిలిండరు గోడల వెంట జారి ఇంజను నూనెలో కలిసి దాన్ని పలచన చేస్తుంది. ఒక దమ్ము కాలంలో లభించిన లాగుడుకు ఇంజను ఆయుష్షు మూల్యంగా చెల్లించవలసి వస్తుంది.

నీలి పొగ

నీలి లేదా నీలి బూడిద రంగు పొగ ఇంజను నూనె మండుతున్నదని తెలుపుతుంది. ముందుగా సులభమైన కారణాలు చూడాలి. ఆయిల్ బాత్ క్లీనరులో గుర్తుకు మించి నూనె పోస్తే, ఇంజను వేగంగా తిరిగినప్పుడు ఆ నూనె గాలితోపాటు సిలిండరులోకి లాగబడుతుంది. ఇంజను సంపులో నూనె గరిష్ఠ గుర్తుకు పైన ఉన్నా, బ్రీదరు పైపు మూసుకుపోయినా నీలి పొగ రావచ్చు. ఈ మూడింటినీ సరిచేయడానికి ఖర్చు దాదాపు ఉండదు.

అవి సరిగా ఉంటే, పొగ కనబడే సందర్భం దారి చూపుతుంది. బరువు పెరిగిన కొద్దీ నీలి పొగ పెరుగుతూ, బ్రీదరు నుండి వాయువులు బలంగా వస్తూ, నూనె మూత తీసినప్పుడు ఆవిరి పొగ ఎగదన్నుతూ ఉంటే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగినట్లు భావించాలి. నిలకడగా పనిచేసేటప్పుడు పొగ అంతగా లేకుండా, చాలాసేపు నెమ్మదిగా తిరిగిన తరువాత ఒక్కసారి యాక్సిలరేటరు పెంచినప్పుడు మాత్రమే నీలి పొగ తుంప వస్తే వాల్వు గైడులు, సీళ్లను అనుమానించాలి. కంప్రెషన్ గేజితో సిలిండర్ల ఒత్తిడిని ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే నిర్ధారణ బలపడుతుంది.

రింగులు అకాలంగా అరగడానికి ప్రధాన కారణం ఫిల్టరును తప్పించుకొని వచ్చిన దుమ్ము. ఫిల్టరుకు, ఇంజనుకు మధ్యనున్న రబ్బరు గొట్టం చీలినా, క్లిప్పు వదులైనా ఎంత మంచి ఫిల్టరు ఉన్నా ప్రయోజనం ఉండదు. ఈ గొట్టాన్ని విప్పి లోపలి గోడను తెల్లని గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు మట్టి అంటితే దుమ్ము ఇంజనులోకి పోతున్నట్లే. ఒక నిమిషంలో ముగిసే ఈ పరీక్ష, నీలి పొగ రావడానికి ఎంతో ముందే హెచ్చరిక ఇస్తుంది. మెట్ట దుక్కుల్లోను, నూర్పిడి పనుల్లోను వాడే ట్రాక్టర్లకు దీన్ని తప్పనిసరి చేయాలి.

తెల్ల పొగ

తెల్ల పొగ రెండు వేర్వేరు పదార్థాల వల్ల వస్తుంది. ఒకటి మండకుండా ఆవిరైన డీజిల్, రెండవది నీటి ఆవిరి. డీజిల్ ఆవిరి కళ్లను మండిస్తుంది, ఘాటైన వాసన ఉంటుంది, గాలిలో కొంతసేపు తేలుతుంది. నీటి ఆవిరి త్వరగా కరిగిపోతుంది, డీజిల్ వాసన ఉండదు.

చల్లని ఉదయం స్టార్టు చేసిన తరువాత కొద్ది నిమిషాలు తెల్ల పొగ రావడం సహజం. వేడెక్కిన తరువాత కూడా కొనసాగితే డీజిల్‌లో నీరు, ఇంధన మార్గంలో గాలి, ఆలస్యమైన ఇంజెక్షన్ సమయం, ఏదో ఒక సిలిండరులో తగ్గిన కంప్రెషన్ అనే కారణాలను వరుసగా చూడాలి. ప్రతి ఉదయం నీటిని వేరుచేసే గిన్నె నుండి నీరు వదలడం, పని ముగిసిన సాయంత్రమే ట్యాంకు నింపి రాత్రి తేమ చేరకుండా చూడడం ఉత్తమం.

రేడియేటరులో నీరు రోజురోజుకూ తగ్గుతూ, బయట ఎక్కడా కారుతున్న జాడ లేకుండా, పొగ గొట్టం నుండి తెల్లని ఆవిరి వస్తుంటే హెడ్ గాస్కెట్ లేదా సిలిండరు హెడ్డులో చీలికను అనుమానించాలి. డిప్‌స్టిక్‌పై నూనె పాల రంగులో ఉంటే నీరు నూనెలో కలిసిందని అర్థం. ఆ స్థితిలో ఇంజను నడపడం వెంటనే ఆపాలి. 'ఈ ఒక్క మడి పూర్తి చేద్దాం' అని నడిపితే బేరింగులు, క్రాంక్ షాఫ్టు దెబ్బతినే ప్రమాదం ఉంది.

టర్బో, కామన్ రైల్ ఇంజన్లు

50 హార్స్ పవర్‌కు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్ స్టేజ్-4 ఉద్గార ప్రమాణాలు వర్తిస్తున్నాయి. ఈ తరగతి ఇంజన్లలో టర్బో ఛార్జరు, ఎలక్ట్రానిక్ నియంత్రణ గల కామన్ రైల్ వ్యవస్థ వంటివి సాధారణమయ్యాయి. డీజిల్ కార్లలో ఇవి చాలా కాలంగా ఉన్నాయి. కాబట్టి కారును ఒక్కసారిగా వేగం పెంచినప్పుడు వచ్చే పొగకూ, ఈ ట్రాక్టర్ల పొగకూ కారణాలు చాలా వరకు ఒక్కటే.

ఇటువంటి ఇంజనులో నల్ల పొగతోపాటు శక్తి తగ్గి, బుసకొట్టే శబ్దం వినబడితే టర్బోకు, ఇంజనుకు మధ్యనున్న గొట్టాలలో చీలిక కోసం వెతకాలి. నొక్కిపెట్టిన గాలి మధ్యలోనే బయటకు పోవడం వల్ల సిలిండర్లకు గాలి తగ్గుతుంది. ఇంటర్ కూలరు ముందు ఊక, దుమ్ము పేరుకున్నా గాలి చల్లబడక ఫలితం అదే. కాలిన వాయువులను కొంత మేర తిరిగి పంపే వాల్వు మసితో తెరచుకొని ఉండిపోతే బరువు పనిలో నల్ల పొగ వస్తుంది. టర్బో షాఫ్టు సీలు అరిగితే నీలి పొగ వస్తుంది. బరువు పని ఆపిన వెంటనే ఇంజను ఆపకుండా, రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిరగనిస్తే టర్బో బేరింగులు చల్లబడి ఎక్కువ కాలం మన్నుతాయి.

పైన చెప్పిన ఇంజెక్టరు నట్టు వదులు చేసే పద్ధతిని కామన్ రైల్ ఇంజన్లలో ఎట్టి పరిస్థితిలోను ఉపయోగించకూడదు. వాటిలో ఇంధన ఒత్తిడి 1,000 బార్‌కు మించి ఉంటుంది. సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. గాయం చిన్నదిగా కనబడినా వెంటనే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ఈ ఇంజన్లలో స్కానరుతో లోప సంకేతాలు చదివించడమే మార్గం.

అభ్యాసానికి ఒక ఉదాహరణ

టర్బో లేని, ఆయిల్ బాత్ క్లీనరు గల 40 హార్స్ పవర్ ట్రాక్టరు ఒకటి వేసవిలో ఎర్రనేలల్లో మెట్ట దుక్కులు చేసి, తరువాత దమ్ముకు దిగిందనుకుందాం. రోటవేటరుతో నిలకడగా నల్ల పొగ వస్తున్నది, లాగుడు తగ్గింది. చల్లని స్టార్టు మామూలుగా ఉంది. ఇంజను నూనె, రేడియేటరు నీరు తగ్గడం లేదు.

నూనె, నీరు తగ్గడం లేదు కనుక రింగులు, గాస్కెట్ ప్రస్తుతానికి అనుమానితాలు కావు. లాగుడు తగ్గింది కనుక డీజిల్ మోతాదు పెంచారన్న అనుమానమూ బలహీనమే. గేరు తగ్గించినా పొగ పూర్తిగా పోలేదు కనుక భారం ఒక్కటే కారణం కాదు. అందువల్ల గాలి మార్గంతో మొదలుపెట్టాలి. క్లీనరు గిన్నె విప్పగా అడుగున ఎర్రమట్టి ముద్దగా పేరుకొని ఉంది. కడిగి, గుర్తు వరకు కొత్త నూనె పోసిన తరువాత పొగ చాలా వరకు తగ్గింది, కాని పూర్తిగా పోలేదు.

ఇక్కడ తొందరపడి పంపు వైపు వెళ్లకూడదు. ఒక లోపం దొరికినంత మాత్రాన రెండవది లేదని కాదు. సైలెన్సరు, వాల్వు క్లియరెన్సు సరిగా ఉన్నాయని తేలిన తరువాత ఇంజెక్టరు నట్లు ఒక్కొక్కటి వదులు చేసి చూడగా, రెండవ సిలిండరు వద్ద పొగ తగ్గింది. ఆ నాజిల్ పరీక్షా యంత్రంపై బొట్లుగా కారింది. నాజిల్ మార్చగానే పొగ పోయింది. పంపును తాకవలసిన అవసరమే రాలేదు. మొత్తం పని ఒక పూటలో ముగుస్తుంది.

అయితే పరీక్ష అక్కడితో ఆగకూడదు. గాలి గొట్టం లోపల గుడ్డతో తుడవగా ఎర్రని దుమ్ము అంటింది, క్లిప్పు వద్ద సన్నని చీలిక కనబడింది. ఈ లోపం నేటి నల్ల పొగకు కారణం కాదు. గొట్టం మార్చకపోతే మాత్రం రాబోయే నీలి పొగకు అదే కారణమవుతుంది. ఫిర్యాదు చేసిన లోపంతోపాటు ఫిర్యాదు రాని లోపాన్ని కూడా పట్టుకోవడం పూర్తి పరిశీలన వల్ల కలిగే లాభం.

మరమ్మతు ఫలితాన్ని డీజిల్ కొలతతో నిర్ధారించాలి. సమతలమైన చోట ట్యాంకు అంచు వరకు నింపి, ఒక గంట నిర్దిష్టమైన పని చేయించి, తిరిగి అదే చోట అంచు వరకు నింపడానికి పట్టిన డీజిల్‌ను కొలజాడీతో కొలవాలి. మరమ్మతుకు ముందు గంటకు 6 లీటర్లు, తరువాత 5.2 లీటర్లు పట్టిందనుకుంటే, పది గంటల పనిదినానికి మిగులు 8 లీటర్లు. రైతుకు ఈ లెక్క ఏ ఉపన్యాసం కంటే బాగా అర్థమవుతుంది.

భద్రతా జాగ్రత్తలు

• మూసిన షెడ్డులో ఇంజను నడిపి పొగను పరిశీలించకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు, అది ప్రాణాంతకం.
• వేడిగా ఉన్న ఇంజను రేడియేటరు మూత తీయకూడదు.
• తిరుగుతున్న ఫ్యాను, పీటీఓ షాఫ్టు దగ్గర పంచె, కండువా, వదులు దుస్తులతో నిలబడకూడదు.
• నాజిల్ పరీక్ష సమయంలో తుంపరకు చేతిని అడ్డు పెట్టకూడదు, కళ్లద్దాలు ధరించాలి.
• ఫిల్టరు పూర్తిగా తీసివేసి పొలంలో ట్రాక్టరు నడపకూడదు.
• సీలు వేసిన పంపు స్క్రూను గుర్తింపు పొందిన కేంద్రంలో తప్ప ఎవరూ తిప్పకూడదు.

విస్తరణ సిబ్బంది చేయదగినవి

ప్రతి ట్రాక్టరు నమూనాకు ప్రామాణిక విలువలు అందుబాటులో ఉంటే క్షేత్రస్థాయి నిర్ధారణ తేలికవుతుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ, మధ్యప్రదేశ్‌లోని బుధ్నిలో గల కేంద్ర సంస్థ ఇచ్చే పరీక్షా నివేదికల్లో ఇంజను శక్తి, వేగం, డీజిల్ వినియోగం వంటి కొలతలు ఉంటాయి. తమ ప్రాంతంలో ఎక్కువగా ఉన్న నమూనాల విలువలను ఒక పట్టికగా తయారుచేసుకుంటే, రైతు చెప్పిన లక్షణాలను ఆ విలువలతో పోల్చవచ్చు. భారం లేని గరిష్ఠ వేగం పుస్తకంలోని విలువ కంటే తక్కువగా ఉంటే యాక్సిలరేటరు లింకేజిని, ఎక్కువగా ఉంటే గవర్నరు అమరికను ఎవరైనా మార్చారా అన్నది చూడాలి.

యంత్రాల అద్దె కేంద్రాల నిర్వాహకులకు, డ్రైవర్లకు ఖరీఫ్‌కు ముందే, మే నెలలో, ఒక రోజు శిక్షణ ఇవ్వడం మంచిది. దమ్ము మొదలైన తరువాత ఇచ్చే శిక్షణకు వినేవారు ఉండరు. శిక్షణలో మూసుకుపోయిన ఫిల్టరుతోను, శుభ్రమైన ఫిల్టరుతోను ఒకే ఇంజను పొగను పక్కపక్కన చూపించాలి. ప్రతి ట్రాక్టరుకు ఒక చిన్న పుస్తకం పెట్టి, నడిచిన గంటలు, క్లీనరు శుభ్రపరచిన తేదీ, పోసిన ఇంజను నూనె పరిమాణం, పొగ కనబడిన సందర్భం రాయించాలి. ఇంజను నూనె వినియోగం నెలనెలా పెరుగుతున్నదని ఆ పుస్తకం చెప్పినప్పుడు, నీలి పొగ కంటికి కనబడక ముందే చర్య తీసుకోవచ్చు.

ముగింపు

పొగ ఇంజను చెప్పే మొదటి మాట మాత్రమే. రంగు ఏ దిశలో వెతకాలో చెబుతుంది. పొగ కనబడే సందర్భం ఏ సమూహంలో వెతకాలో చెబుతుంది. శక్తి, నూనె, నీరు, డీజిల్ వినియోగాల్లో వచ్చిన మార్పు ఏ భాగంలో వెతకాలో చెబుతుంది. ఈ మూడూ కలిసిన తరువాతే పానా చేతిలోకి తీసుకోవాలి. భారం, గాలి, పొగ మార్గం, వాల్వులు, ఇంజెక్టర్లు, చివరగా పంపు అన్న క్రమాన్ని పాటిస్తే, ఎక్కువ సందర్భాలలో లోపం పొలం గట్టునే దొరుకుతుంది, రైతుకు దమ్ము రోజులు మిగులుతాయి.